దిండి హౌస్‌బోటులో బొంత పాఠం: నేర్పబోయేవాళ్ళకి

మొదటిసారి హౌస్‌బోటులో బొంత కుట్టు నేర్పిన రోజున నేను గాలి సంగతి ఆలోచించలేదు. మా ఇంటి అరుగు మీద పరిచినట్టే డెక్కు మీద చాప వేసి, ముక్కలన్నీ రంగుల వరసన పేర్చాను. బోటు నడిపే సరంగు లంగరు తీసి ఇంజను వేశాడు. చించినాడ వంతెన దాటామో లేదో సముద్రం వైపు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. వచ్చినవాళ్ళు ఇళ్ళనుంచి తెచ్చుకున్న పాత చీరల ముక్కలు ఎగిరి వశిష్ట గోదావరిలో పడ్డాయి. సరంగు బోటు వెనక్కి తిప్పి గెడకర్రతో మూడు ముక్కలు తీశాడు. ఒకావిడ తెచ్చుకున్న ముక్క మాత్రం దొరకలేదు. అది చనిపోయిన వాళ్ళమ్మ కట్టిన బండారులంక నేత చీర. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇది జరిగి ఏడేళ్ళయింది. అప్పటినుంచి ప్రతి ఏడూ కార్తీకం నుంచి మాఘం దాకా కోనసీమలోని దిండిలో క్లాసులు చెప్తున్నాను. ఈమధ్య కుట్టు బాగా వచ్చిన ఆడవాళ్ళు కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు: "పడవ మీద నేర్పమంటున్నారండీ, ఎలా మొదలుపెట్టాలి?" అని. అందరికీ ఫోన్లో చెప్పడం కుదరడం లేదు. అందుకని రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి. పడవ మీద ఒక్క కుట్టే నేర్పండి. ఉన్నది ఒక పగలు, ఒక రాత్రి, మర్నాటి పొద్దుటి కాస్తా. ఆ టైములో నిలువెత్తు బొంత అవదు. అయిందనిపించుకోవాలని తొందరపెడితే చేతికి కుట్టు పడదు. జానెడు బొంత ఒకటి మొదలుపెట్టి పూర్తి చేయించండి. వేడి గిన్నె కింద వేసుకునేంతది చాలు. ఆ జానెడులో వచ్చిన కుట్టే ఇంటికి వెళ్ళాక ఆరడుగుల బొంతలోనూ వస్తుంది.

లేసు నేర్పమని కూడా అడుగుతారు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చాక ఈ అడగడం ఎక్కువైంది. మా అమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. దీపం దగ్గర ఆవిడ పక్కన కూర్చుని నేను కూడా అల్లాను. ఒక్క రోజులో లేసు నేర్పుతానని ఎవరికీ మాట ఇవ్వకండి. గొలుసు అల్లిక ఒక్కటి చేతికి రావడానికే వారం పడుతుంది. అదీ వచ్చీరానట్టుంటే చూడ్డానికి బాగోదు. బొంత అలా కాదు. వంకరగా వచ్చిన కుట్టు కూడా మూడు పొరలని పట్టి ఉంచుతుంది. మొదటిరోజు కుట్టిన బొంత కూడా పనికొచ్చే బొంతే.

ఒప్పుకునే ముందు

బోటు యజమానితో డబ్బు మాట్లాడేముందు సరంగుతో మాట్లాడండి. యజమాని రాజోలులోనో అమలాపురంలోనో ఉంటాడు. రోజూ నీళ్ళ మీద ఉండేది సరంగు. బోటు ఎక్కడ ఆపుతాడు, ఎంతసేపు ఆపుతాడు, జనరేటరు ఏ వైపు ఉంది, మధ్యాహ్నం ఎండ ఎటునుంచి పడుతుంది, ఇవన్నీ అడగాలి. మా సరంగు దేనికైనా "ఆయ్, అలాగేనండి" అంటాడు. అక్కడితో సరిపెట్టుకోకుండా ఒకసారి ఖాళీ బోటు ఎక్కి మీరు కూర్చోబోయే చోట పది నిమిషాలు కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూడండి. కళ్ళు పెద్దవి చెయ్యకుండా బెజ్జం కనిపిస్తే అక్కడ క్లాసు పెట్టుకోవచ్చు.

బోటు నడుస్తున్నప్పుడు క్లాసు పెట్టకండి. ఇంజను అదురు చెక్కలోంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి సూదిలోకి వస్తుంది. పైగా కొబ్బరితోటలు, లంకలు, వల వేసుకుంటున్న నావలు పక్కనుంచి పోతుంటే ఎవరికైనా చూడాలనిపిస్తుంది. వాళ్ళు డబ్బులు పెట్టి వచ్చింది ముందు గోదావరి కోసం, తరవాతే బొంత కోసం. లంగరు వేశాకే సూది తియ్యండి.

లంగరు వేసినా ఒక చిక్కుంది. దిండి దగ్గర నదికి సముద్రపు పోటూ పాటూ తగులుతాయి. అంతర్వేది దగ్గర వశిష్ట సముద్రంలో కలుస్తుంది కదా, అక్కడినుంచి పోటు పైకి వస్తుంది. ఒంటి లంగరు మీద ఉన్న బోటు పోటు మారినప్పుడు మెల్లగా గుండ్రంగా తిరిగిపోతుంది. పదకొండు గంటలకి నీడలో కూర్చున్న వరస పన్నెండున్నరకి ఎండలోకి వస్తుంది. ఇది తెలియక ఒకసారి పెద్దావిడ ఒకరు ఎండదెబ్బకి ఒళ్ళు తూలి పడుకోవాల్సి వచ్చింది. ఆ రోజు పోటు ఎప్పుడు మారుతుందో సరంగుని అడిగి, దాన్ని బట్టి చాపలు వేసుకోండి. బల్లలు వద్దు, చాపలే మంచివి. బోటు తిరిగితే చాప ఈడ్చుకుని జరగొచ్చు.

వానాకాలం ఎవరెంత అడిగినా ఒప్పుకోవద్దు. జూలై నుంచి గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని వార్త వచ్చిన రోజే నేను బుకింగులు వాయిదా వేయించేస్తాను. హెచ్చరిక వచ్చేదాకా ఆగను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. అది వరద నీరే. లైఫ్ జాకెట్టు వేసుకుంటే కుట్టుకి అడ్డం వస్తుందని ఎవరైనా అంటే వినకండి. ఒళ్ళో ఒక దిండు పెట్టుకుని మోచేతులు దాని మీద ఆనిస్తే జాకెట్టుతో హాయిగా కుట్టుకోవచ్చు. నేనూ అలాగే కుడతాను. టీచరు తొడుక్కుంటే మిగతావాళ్ళు అడక్కుండానే తొడుక్కుంటారు.

ఎంతమంది అంటే ఒక టీచరుకి ఎనిమిది మంది. పన్నెండు మంది వస్తే ఒక సాయం మనిషి కావాలి. డబ్బు మనిషి లెక్కన కాకుండా రోజు లెక్కన అడగండి. మనిషి లెక్కన ఒప్పుకుంటే బోటువాళ్ళు ఇరవై మందిని కూర్చోబెడతారు. అప్పుడు నేర్పడం అవదు, ఊరికే చూపించడం అవుతుంది.

గుడ్డ

బుకింగ్ అయిన రోజే వచ్చేవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి: ఇంట్లో బాగా వాడి మెత్తబడిన నూలు చీరగానీ పంచెగానీ లుంగీగానీ ఒకటి తెచ్చుకోమని. కొత్త గుడ్డ వద్దని గట్టిగా చెప్పండి. పాలిస్టరు కలిసింది కూడా వద్దు. అది జారిపోతుంది, పొరలు ఒకదాన్నొకటి పట్టుకోవు. పట్టు అసలే వద్దు.

గంజి పెట్టిన చీర తెస్తే పని అవదు. గంజి ఉన్న గుడ్డలో సూది కిర్రుమంటూ దిగుతుంది, రెండు గంటల్లో వేలు వాచిపోతుంది. గంజి పోయేదాకా నీళ్ళలో నానబెట్టి ఉతికి తెమ్మని మెసేజ్‌లోనే రాయండి. అయినా ఒకరిద్దరు గంజి చీరే తెస్తారు. వాళ్ళకోసం మీ దగ్గర నాలుగు పాత చీరలు ఉంచుకోండి. తెచ్చుకున్న చీర చిన్నబుచ్చకుండా దాని అంచు ఒక్కటి పైన వేయించి, కింద పొరలకి మీ గుడ్డ ఇవ్వండి.

నేత చీరలు తెచ్చేవాళ్ళుంటారు. ఉప్పాడ జమ్‌దానీ ఒకావిడ తెచ్చింది, చిరుగు పట్టిందని. జరీ మీద సూది పోనివ్వకండి. జరీ సూది మొనని తినేస్తుంది, సూది జరీని తెంపేస్తుంది. జరీ అంచు విడిగా తీసి ఆవిడకే ఇచ్చేసి, నూలు ఒళ్ళు మాత్రం వాడాం. ఒక పెద్దాయన నాన్నగారి గళ్ళ లుంగీ తెచ్చాడు. అది ఎక్కడ చించాలో చెప్పడానికి నేను ముందుకి వంగితే, ఆయన "నేనే చించుతానండి" అన్నాడు. అలాంటప్పుడు చెయ్యి పెట్టకండి. కాసేపు ఆగండి.

చించడం అన్నాను, కత్తిరించడం అనలేదు. నూలు గుడ్డకి అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే నూలుపోగు వెంట సూటిగా చిరుగుతుంది. గీత గియ్యక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. ఊగే బోటులో పెద్ద కత్తెరలూ అక్కర్లేదు. అందరికీ కలిపి మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర్లు రెండు చాలు. వాటికి పురికొస కట్టి చాప కొసకి ముడి వెయ్యండి. పదిమంది ఒకేసారి గుడ్డలు చించితే ఆ పర్రుమన్న చప్పుడికి ఒడ్డున కొంగలు లేస్తాయి. పిల్లలకి అది చాలా ఇష్టం. చించడం పిల్లలకే అప్పగించండి.

ఇక గాలి. చింతపిక్కలు నింపిన చిన్న గుడ్డసంచులు ఇరవై కుట్టుకున్నాను, ఒక్కోటి గుప్పెడంత. చించిన ప్రతి ముక్క మీదా ఒకటి ఉండాలి. ముక్కలు మనిషికో మూత ఉన్న డబ్బాలో వేయించండి. మొదటి రోజు పోయిన ఆ చీర ముక్క తరవాత నా క్లాసులో ఒక్క ముక్క కూడా నీళ్ళలో పడలేదు.

సూదీ దారమూ

దబ్బనంతో బొంతలు కుట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. వీధుల్లోకి వచ్చి "బొంతలు కుడతామమ్మా" అని తిరిగేవాళ్ళు మందపాటి దారంతో, పెద్ద సూదితో కుట్టేవాళ్ళు. ఆరేడు పొరలున్న బొంతకి అది సరే. మన జానెడు బొంతకి మూడు పొరలే. పొట్టిగా గట్టిగా ఉండే సూది కావాలి, బెజ్జం మాత్రం పెద్దది. ఎంబ్రాయిడరీ సూదుల్లో ఇలాంటివి దొరుకుతాయి. దారం నూలుదే. యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులుంటుంది, మూడు పోగులు విడదీసి వాడండి. తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగితే చిక్కుపడదు.

దారం మూరెడే ఉండాలి. ఇంటి దగ్గర బారెడు తీసుకునే అలవాటు అందరికీ ఉంటుంది, మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందని. పడవలో పక్కపక్కన కూర్చుంటాం. బారెడు దారం లాగితే చెయ్యి పక్కావిడ మొహం దాకా వెళ్తుంది, కొసన సూది ఉంటుంది. మూరెడు అని మొదటే చెప్పి, మీ మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి చూపించండి.

సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి సూదులు తుప్పు పడతాయి. మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో పొడి బియ్యం పోసి అందులో పెట్టుకోండి. తుప్పు పట్టిన సూది ఏ గుడ్డకీ వాడొద్దు. మరక పోదు.

అరవై దాటినవాళ్ళకి బెజ్జంలో దారం ఎక్కించడమే పెద్ద టెన్షన్. నలుగురి ముందు రెండుమూడు సార్లు తప్పితే ఇక కుట్టు మీద మనసు పోదు. నేను బయల్దేరే రోజు తెల్లారగట్ల లేచి ముప్పై సూదులకి దారం ఎక్కించి ఒక మెత్తకి వరసగా గుచ్చి తీసుకెళ్తాను. దారం అయిపోగానే సూది మార్చుకుంటారు. చిన్న పని, కానీ నా క్లాసుల్లో దీనంత సాయపడింది ఇంకోటి లేదు.

సూదుల లెక్క

బోటులో అందరూ చెప్పులు విడిచి తిరుగుతారు. పడిన సూది చెక్కల సందులో మొన పైకి పెట్టుకుని కూర్చుంటుంది. రెండో ఏడు వంటమనిషి పాదంలో సూది దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి రేవుకి రావాల్సి వచ్చింది, ఆ క్లాసు అక్కడితో అయిపోయింది. తప్పు నాదే. సూదులు లెక్కపెట్టి ఇవ్వలేదు.

ఇప్పుడు ఎన్ని సూదులు బయటికి వచ్చాయో నోటుబుక్కులో రాస్తాను. భోజనానికి లేచే ముందు లెక్క. సాయంత్రం లెక్క. పొద్దున్న లెక్క. ఒకటి తగ్గితే ఎవరూ లేవకూడదు. కర్రకి కట్టిన అయస్కాంతంతో చాప చుట్టూ తిప్పుతాను. ఇందులో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి, మీకు కూడా. కుడుతూ కుడుతూ సూదిని రవికకి గుచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది మానిపించండి.

కుట్టు

మాకు పదకొండు గంటలకి బోటు ఎక్కడం, మర్నాడు పదింటికి దిగడం. మొదటి గంటన్నర చించడం, పరవడం, కచ్చాకుట్లు (పొరలు జరగకుండా ముందు వేసి తరవాత విప్పేసే పొడుగు కుట్లు). భోజనం తరవాత ఏమీ పెట్టకండి. రొయ్యల వేపుడు, పప్పు, పెరుగన్నం తిని నీళ్ళ మీద గాలికి కూర్చుంటే నిద్ర రాని మనిషి ఉండడు. మళ్ళీ నాలుగింటికి. అసలు కుట్టు నేర్చుకునేది ఆ గంటన్నరలోనే. వెలుగు పక్కనుంచి పడుతుంది కాబట్టి ప్రతి కుట్టుకీ నీడ ఉంటుంది, వంకర ఉంటే తెలిసిపోతుంది. దీపాలు పెట్టాక కుట్టు వద్దు. మర్నాడు పొద్దున్న ఏడింటికి మిగిలింది పూర్తి చెయ్యడం.

చేసే పద్ధతి ఇది. అడుగు గుడ్డ జానెడుకి నాలుగు వైపులా రెండేసి వేళ్ళు ఎక్కువ ఉండాలి. దాని మీద సరిగ్గా జానెడు ముక్క ఒకటి. ఆ పైన కనిపించే పొర, ఇష్టమైన ముక్కలు కలిపి. పై ముక్కల అంచులు వేలెడు మందాన ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి, పైదాని అంచు లోపలికి మడవాలి. ఇస్త్రీపెట్టె బోటులో కుదరదు. మడత పెట్టి బొటనవేలి గోటితో గట్టిగా గీస్తే నూలు గుడ్డ మాట వింటుంది. తడి వేలితో ఒకసారి రాసి గీస్తే ఇంకా బాగా వింటుంది.

మూడు పొరలూ పరిచాక అరచేత్తో మధ్యనుంచి బయటికి నిమరమనండి. ముడత లేదనుకున్నాక ఇంకోసారి నిమరమనండి. ఆ తరవాత కచ్చాకుట్లు: అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, మూలనుంచి మూలకి రెండు. ఒక్కో కుట్టు రెండు వేళ్ళంత పొడవు. వేరే రంగు దారంతో వేయిస్తే చివర్న విప్పేటప్పుడు గుర్తుపట్టడం తేలిక. కచ్చాకుట్లు తప్పించుకోవాలని చాలామంది చూస్తారు. ఒప్పుకోకండి. ఊగే చోట పొరలు జరగకుండా ఆపేది అవే.

ఇప్పుడు అడుగు గుడ్డ మిగులు రెండు మడతలు పెట్టి పైకి తిప్పి అంచు కుట్టాలి. అంచు మూసుకున్నాక దానికి ఒక వేలి వెడల్పు లోపల ఇంకో చుట్టు. మళ్ళీ వేలి వెడల్పు లోపల ఇంకోటి. అలా బయటినుంచి మధ్యకి, చెరువు చుట్టూ గట్టు తిరిగినట్టు. మూల దగ్గరికి వచ్చేసరికి సూదిని గుడ్డలో నిలువుగా దించి, గుడ్డని తిప్పాలి. చెయ్యి తిప్పకూడదు.

కుట్టు బియ్యపు గింజంత. పైన గింజంత, కింద కూడా గింజంత, మధ్య ఖాళీ గింజంత. పిల్లలకి నేను నిజంగానే గుడ్డ మీద బియ్యపు గింజలు వరసగా పెట్టి చూపిస్తాను. ఒక్కో కుట్టుకీ దారం లాగనక్కర్లేదు. సూది మీద నాలుగు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగాలి. కుడిచేతి సూది గుడ్డలోంచి కిందికి రాగానే ఎడమచేతి చూపుడువేలికి మొన తగలాలి. తగిలీ తగలకముందే పైకి తిప్పాలి. ఈ ఒక్కటి మాటల్లో చెప్తే రాదు. పక్కన కూర్చుని వాళ్ళ ఎడమచేతి కింద మీ చెయ్యి పెట్టండి. ఆ వేలికి ఇనప వేలితొడుగు ఇస్తే నొప్పి తగ్గుతుంది గానీ కుట్టు ఎక్కడ ఉందో చేతికి తెలీదు. తొడుగు కుడిచేతి మధ్యవేలికే ఇవ్వండి, సూదిని నెట్టడానికి. ఎడమచేతి వాటం వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అద్దంలో చూసినట్టు మీ చెయ్యి చూసి పట్టేసుకుంటారు.

దారం గట్టిగా లాగేవాళ్ళే ఎక్కువ. గుడ్డ బిగిసి చిన్న గిన్నెలా ముడుచుకుంటుంది. అప్పుడు విప్పమని చెప్పకండి. ప్రతి పది కుట్లకీ ఒకసారి గుడ్డని రెండు చేతులా మెల్లగా సాగదియ్యమనండి. దారం తనంతట తాను సర్దుకుంటుంది.

ఇసుక పడవో మరబోటో పక్కనుంచి పోతే అల వస్తుంది. సరంగుకి ముందే కనిపిస్తుంది కాబట్టి ఒక కేక వెయ్యమని ఒప్పందం చేసుకోండి. మా బోటులో "అలండీ" అని కేక వినపడగానే అందరూ సూదిని గుడ్డలో గుచ్చి చేతులు తీసేస్తారు. అల పోయాక మళ్ళీ మొదలు. అరగంటకి ఒకసారి తల ఎత్తి ఒడ్డు వైపు కాసేపు చూడమని కూడా చెప్పండి. వంచిన తల ఎత్తకుండా కుడితే నది మీద కూడా కొందరికి కడుపులో తిప్పుతుంది. నా సంచిలో అల్లం మురబ్బా ఎప్పుడూ ఉంటుంది.

సముద్రం మీద అయితే

పాలకొల్లు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఒకావిడ కిందటేడు మా క్లాసుకి వచ్చింది. అక్కడ క్విల్టింగ్ (మన బొంత కుట్టు లాంటిదే) కోసమే జనం పెద్ద క్రూయిజ్ షిప్పులు ఎక్కుతారట, తనూ రెండుసార్లు వెళ్ళిందట. ఏ రేవులోనూ ఆగని రోజుల్లోనే క్లాసులు పెడతారు. కాన్ఫరెన్స్ హాల్లో కుట్టుమిషన్లు వరసగా బిగిస్తారు. ఇస్త్రీపెట్టెలు నిప్పు భయంతో గదుల్లోకి రానివ్వరు, ఆ హాల్లోనే వాడుకోవాలి. కత్తెర అలుగు నాలుగంగుళాలు దాటితే చాలా షిప్పుల్లో ఒప్పుకోరు. 2023లో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు కాబట్టి మన వాళ్ళకీ ఎవరికైనా ఆ పిలుపు రావచ్చు. వస్తే సామాను జాబితా ముందే పంపి ఏవి రానిస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. చేతికుట్టే నేర్పుతానని చెప్పండి. చించే గుడ్డ, చిన్న కత్తెర, గోటి మడత: మన పద్ధతిలో అక్కడ అభ్యంతరం పెట్టేది ఏమీ లేదు.

ఆవిడే ఒక ప్రశ్న అడిగింది. తనకి అక్కడ నేర్పింది మధ్యనుంచి బయటికి కుట్టడం, ముడతలు బయటికి పోతాయని. మీరు బయటినుంచి లోపలికి ఎందుకు కుట్టిస్తున్నారని. మంచి ప్రశ్న. వాళ్ళ క్విల్టులో మధ్యన మెత్తటి దూది పొర ఉంటుంది, అది జరుగుతుంది. అంచు చివర్న వేస్తారు. మన బొంతలో మూడూ పాత నూలు గుడ్డలే. అంచు ముందే మూసేస్తాం, కచ్చాకుట్లు పట్టి ఉంచుతాయి. లోపలికి వచ్చేకొద్దీ గుడ్డ కాస్త పొంగుతుంది. ఆ సన్నటి అలలే బొంతకి మెత్తదనం. చంటిపిల్లల కింద వేసే బొంత మా అమ్మమ్మ ఇలాగే కుట్టేది. గంతకు తగ్గ బొంత అంటారు కదా, ఏ గుడ్డకి ఆ పద్ధతి.

దిగేముందు

పొద్దున్న ఏడింటి క్లాసులో చివరి చుట్టు పూర్తి చేయించి, రెండు వెనక్కుట్లు వేయించి, దారం కొస పొరల మధ్యలోకి తోయించి కత్తిరించండి. తరవాత కచ్చాకుట్లు విప్పించండి. పూర్తికాని వాళ్ళుంటే మీరు తీసుకుని కుట్టేయకండి. వాళ్ళ చేతిలో సగం ఉన్నదే నయం. దారం ఎక్కించిన రెండు సూదులు గుడ్డకి గుచ్చి, సీసాలో పెట్టి ఇవ్వండి. వాటిని కూడా లెక్కలో రాసుకోండి.

ఇంటికి వెళ్ళాక అందరూ ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, ఎలా ఉతకాలని. రేవు దగ్గరే చెప్పేయండి: మొదటిసారి ఉప్పు వేసిన చల్లటి నీళ్ళలో విడిగా జాడించాలి, పాత చీరల్లో కూడా కొన్ని రంగు వదులుతాయి. మెలిపెట్టి పిండకూడదు, రెండు చేతుల మధ్య అదిమితే చాలు. తీగె మీద వేలాడదియ్యకుండా చాప మీద పరిచి ఆరబెట్టాలి. ఒక వైపు ఆరాక తిరగేసి రెండో వైపు కూడా ఎండ తగలనివ్వాలి. లోపలి పొర తడిగా ఉండగా మడిచి పెడితే వాసన పడుతుంది. మా కోనసీమ చెమ్మకి ఒక్క ఎండ చాలదు, రెండో రోజు కూడా ఎండబెట్టమని చెప్తాను.